బడి గంట మోగాక అమ్మకు మిగిలే గంటలెన్ని?

పిల్లలు బడిలో చేరాక ఇంటిపట్టున ఉన్న తల్లులకు వచ్చే సందేహాలివి. ఉద్యోగం, జీతం, సాయంత్రాలు, ఇంటి పనుల పంపకం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పాప ఒకటో తరగతిలో చేరింది. "ఇక పొద్దంతా ఖాళీయేగా, ఏదైనా ఉద్యోగం చూసుకోరాదూ" అని అందరూ అంటున్నారు. నాకైతే ఆ ఖాళీ ఎక్కడా కనబడటం లేదు. సాయంత్రమయ్యేసరికి పొద్దుటినుంచి ఏం చేశానో చెప్పలేకపోతున్నాను. లోపం నాదేనా?

జవాబు: లోపం మీలో లేదు, లెక్కలో ఉంది. బడివేళలు 9 నుంచి 3.30 అనుకుందాం. కాగితం మీద ఆరున్నర గంటలు. పాపను దింపడానికి 8.30కి బయల్దేరి, తిరిగొచ్చి చెప్పులు విప్పేసరికి 9.15 అవుతుంది. మళ్లీ 3 గంటలకే బయల్దేరాలి. మిగిలింది ఐదూ ముప్పావు గంటలు. అందులో వంటకు, గిన్నెలకు, బట్టలకు గంటన్నర, మీ స్నానానికి, భోజనానికి ముప్పావుగంట తీసేస్తే మూడున్నర గంటలు. వారానికి పదిహేడున్నర. బ్యాంకు పనీ, ఆస్పత్రి పనీ, బడివాళ్ల పిలుపూ ఏదీ రాని వారంలో మాట ఇది.

మీ ఇంటి లెక్క వేరుగా ఉండొచ్చు. అందుకే ఉద్యోగం వెతికే ముందు రెండు వారాలపాటు ఒక నోటు పుస్తకంలో సమయం రాయండి. మూడు గడులు చాలు: ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏం పని, ఆ పని పాప ఇంట్లో ఉన్నప్పుడు చేయగలనా లేదా. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు. పదేసి నిమిషాల పనులు మరిచిపోతాం, రోజును తినేసేది అవే. పని మారినప్పుడల్లా ఒక్క ముక్క గీకితే సరి.

మూడో గడి అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది పాపను దింపి రాగానే ఇల్లు సర్దడం మొదలుపెడతారు. అన్నీ ముగిసి కుర్చీలో కూర్చునేసరికి పన్నెండున్నర, ఒంట్లో ఓపిక సగం అయిపోయి ఉంటుంది. దీన్ని తిరగేయండి. బట్టలు మడతపెట్టడం, కూరగాయలు తరగడం పాప పక్కన ఉండగా కూడా చేయొచ్చు, పాప చేతా చేయించొచ్చు. తలపెట్టి చేయాల్సిన పని అలా కుదరదు. కాబట్టి 9.30 నుంచి 12.30 దాకా మీ పనికి, ఇల్లు ఆ తర్వాత. మొదటి వారం చెదిరిన ఇంట్లో కూర్చుని పని చేయడం కష్టంగానే ఉంటుంది, చూపు సింకు వైపే పోతుంది. వంటింటికి వీపు పెట్టి కూర్చోండి. చిన్న విషయంలా కనబడుతుంది గానీ పని చేస్తుంది.

ఇక ఏడాది లెక్క. ఏడాదికి 52 వారాలు, వారానికి ఐదు రోజుల చొప్పున 260 పనిరోజులు. బడి 200 రోజులు నడిస్తే, ఆఫీసులు తెరిచి ఉండి పాప ఇంట్లో ఉండే రోజులు 60. కొన్ని ఆఫీసు సెలవుల్లో కలిసిపోయినా, మిగిలినవాటికి తల్లిదండ్రులిద్దరూ తమ సెలవులు ఒకరి తర్వాత ఒకరు వాడినా సరిపోకపోవచ్చు. "ఆ రోజుల్లో పాప దగ్గర ఎవరు?" అన్న ప్రశ్నకు జవాబు ఉద్యోగంలో చేరాక వెతుక్కునేది కాదు. బడి క్యాలెండరు తీసుకుని ఆ రోజులన్నీ ఎర్రసిరాతో చుట్టి, ఒక్కో దాని పక్కన ఒక పేరు రాయండి. పేరు లేని రోజులెన్నో తేలాకే ఎలాంటి పని వెతకాలో తెలుస్తుంది.

పని ఎంచుకునేటప్పుడు "ఎన్ని గంటలు" కన్నా "ఏ గంటలు" అన్నది ముందు అడగండి. గురువారంలోగా ఇవ్వాల్సిన పని మీకు నప్పుతుంది: లెక్కలు రాయడం, అనువాదం, ప్రూఫులు దిద్దడం, డిజైన్లు, కుట్టుపని లాంటివి. మూడింటికి ఫోను మోగితే ఎత్తి తీరాల్సిన పని రోజుకు రెండు గంటలే అయినా మీకు నప్పదు. మహిళల ఉపాధి మీద పరిశోధనకు 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఈ సంగతినే గట్టిగా చూపించారు. పిలిచినప్పుడల్లా పలికేవాళ్లకు, ఎక్కువ గంటలు కట్టుబడి ఉండేవాళ్లకు కొన్ని ఉద్యోగాలు గంట లెక్కన కూడా ఎక్కువ జీతమిస్తాయి. తల్లుల సంపాదన వెనకబడటానికి అది పెద్ద కారణం. చదువులో, తెలివిలో తక్కువై కాదు.

ఇంకొక్క మాట. బడి తెరిచిన నెలలోనే కొత్త ఉద్యోగంలో చేరకండి. మొదటి వారాల్లో బడి పూర్తి పూట ఉండకపోవచ్చు, పిల్లలకు వరసగా జలుబులు వస్తాయి. పాప, మీరు ఒకేసారి కొత్త చోట కుదురుకోవాలంటే ఇద్దరూ అలసిపోతారు. రెండు నెలలు ఆగితే చాలా తేడా ఉంటుంది.

ప్రశ్న: నాకొచ్చే జీతంలో సగానికి పైగా పిల్లాణ్ని సాయంత్రం చూసుకునేవాళ్లకు, రానుపోను ఖర్చులకు పోతుంది. "ఈ మాత్రానికి ఉద్యోగమెందుకు" అంటున్నారు మావారు. ఆయన చెప్పేదీ నిజమేననిపిస్తోంది.

జవాబు: ఆ మాట ఒప్పుకునే ముందు లెక్క మళ్లీ వేద్దాం. మీ చేతికొచ్చేది 100 అనుకోండి. ప్రయాణానికి 10, సాయంత్రం పిల్లాణ్ని చూసుకునేవాళ్లకు 30, ఇంట్లో పనిసాయానికి 12, ఆఫీసు బట్టలు, బయట తిండి వగైరా 8. మిగిలేది 40.

ఈ లెక్కలో మొదటి తప్పు, ఆ 30ని మీ జీతంలోంచి మాత్రమే తీయడం. పిల్లాడు ఇద్దరి బిడ్డ. మీ ఇద్దరి జీతాలూ కలిపి, అందులోంచి ఆ ఖర్చు తీసి చూడండి. అంకె మారదు, కానీ "నీ ఉద్యోగం దండగ" అన్న మాటకు తావుండదు. రెండో తప్పు, ఈ ఏడాదినే చూడటం. ఆ 30 ఎప్పటికీ ఉండే ఖర్చు కాదు, పిల్లాడు పెద్దయ్యేకొద్దీ తగ్గిపోతుంది. మీ అనుభవం, జీతం పెంపు, పదవీ విరమణ కోసం కూడే డబ్బు మాత్రం పెరుగుతాయి. కాబట్టి ఐదేళ్ల లెక్క వేయండి.

మీ ఆయన మాటలో నిజం దొరికే చోటు ఒకటుంది. అది సమయం లెక్క. ఆఫీసులో 45 గంటలు, దారిలో 10 గంటలు. 55 గంటలకు మిగిలేది 40. అదే సగం పూట ఉద్యోగమైతే చేతికి 50 వస్తుంది, ప్రయాణం 10 అలాగే ఉంటుంది, పిల్లాణ్ని చూసుకునేవాళ్ల ఖర్చు, పనిసాయం ఖర్చు ఉండవు, ఇతర ఖర్చులు 5. మిగిలేది 35, గంటలు 32 (ఆఫీసులో 22, దారిలో 10). ఐదు తక్కువ వస్తుంది, ఇరవై మూడు గంటలు మిగులుతాయి. ఇలాంటి అవకాశం దొరికితే ముందు అదే చూడండి.

సగం పూట ఉద్యోగాల్లో దెబ్బ తినేది ఒక చోట: జీతం సగం చేసి పని మొత్తం అలాగే ఉంచుతారు. మీరు ఏ పనులు చేస్తారో, ఏవి చేయరో చేరేముందే రాయించుకోండి. "మధ్యాహ్నం రెండు తర్వాత మీటింగులుండవు" అన్నది నోటిమాటగా వదలొద్దు. వైద్య బీమా, పదవీ విరమణ సదుపాయం సగం పూట వాళ్లకు వర్తిస్తాయో లేదో కూడా అప్పుడే అడగాలి. లేకపోతే ఆ 35లోంచి అవీ తీయాలి.

ప్రశ్న: ఏడేళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. రెజ్యూమేలో ఈ ఏడేళ్లను ఎలా చూపించాలి? ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రాగానే గొంతు తడారిపోతోంది.

జవాబు: దాచొద్దు, అలంకరించొద్దు. "పిల్లల పెంపకం కోసం పూర్తికాల విరామం" అని ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో ఒక్క వరుసలో రాసి ఊరుకోండి. ఇంటి నిర్వహణను ఏదో కంపెనీ పదవిలా పేర్లు పెట్టి రాస్తే చదివేవాళ్లకు నమ్మకం తగ్గుతుంది. అదే ఈ ఆరు నెలల్లో చేసిన చిన్న పనులేవైనా ఉంటే, తెలిసినవాళ్ల దుకాణానికి లెక్కలు రాసినా సరే, తేదీలతో సహా పైన రాయండి.

ఏం నేర్చుకోవాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతుంది. మీరు కోరుకునే ఉద్యోగానికి ఈ మధ్య వచ్చిన ప్రకటనలు పది తీసుకోండి. వాటిలో అడిగిన నైపుణ్యాలు, సాఫ్ట్‌వేర్లు వరసగా రాసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టండి. పదింట ఆరుసార్లు కనబడి, మీకు రానివే నేర్చుకోండి. సాధారణంగా అవి రెండో మూడో ఉంటాయి. ఒక కోర్సు అవగానే ఇంకో కోర్సు, దాని వెనక మరో సర్టిఫికెట్ అంటూ ఏడాది గడిపేయడం ఈ దశలో తరచూ జరిగే పొరపాటు. భయానికి చదువు ముసుగు వేసినట్టవుతుంది.

ఇంటర్వ్యూకి మూడు వాక్యాలు సిద్ధం చేసుకోండి: ఎందుకు ఆపారు, ఈ మధ్య ఏం చేశారు, ఇప్పుడు ఈ ఉద్యోగమే ఎందుకు. మొత్తం అర నిమిషం దాటకూడదు. అద్దం ముందు కాదు, ఎవరైనా మనిషి ముందు నాలుగుసార్లు బయటికి చెప్పండి. నోటికి అలవాటైన వాక్యం దగ్గర గొంతు ఆగదు. "క్షమించాలి, కొంచెం గ్యాప్ వచ్చింది" అన్న మాట మాత్రం వాడకండి, మీరు చేసింది తప్పేమీ కాదు.

భయంతో పాత హోదాకన్నా రెండు మెట్లు కిందికి దరఖాస్తు చేసేవాళ్లున్నారు. ఒక మెట్టు పర్వాలేదు. రెండు మెట్లు దిగితే ఆ జీతమే తర్వాతి పెంపులన్నిటికీ పునాది అయిపోతుంది, పైకి రావడానికి ఏళ్లు పడుతుంది. విరామం తర్వాత వచ్చేవాళ్ల కోసం కొన్ని సంస్థలు 'రిటర్న్‌షిప్' పేరుతో కొన్ని వారాల శిక్షణ ఉద్యోగాలు ఇస్తాయి. 2008లో అమెరికా బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్ ఈ పేరుతో మొదలుపెట్టింది, తర్వాత చాలా సంస్థలు అదే దారి పట్టాయి. అలాంటిదేదైనా కనబడితే జీతం ఉందా, కిందటి బృందంలో ఎంతమందిని శాశ్వతంగా తీసుకున్నారు అని రెండు ప్రశ్నలు వేయండి. రెండోదానికి అంకె చెప్పలేకపోతే అనుమానించాల్సిందే.

ప్రశ్న: మా చిన్నోడు బడిలో బుద్ధిమంతుడని టీచరు చెబుతారు. ఇంటికి రాగానే బూట్లు విసిరేస్తాడు, ముట్టుకుంటే ఏడుస్తాడు. నేను పొద్దున పూట పని చేసుకుని, సాయంత్రమైనా వాడితో గడుపుదామని చూస్తుంటే ఆ సాయంత్రమంతా పేచీలతోనే సరిపోతోంది. నేను పనిలో పడినందుకే ఇలా చేస్తున్నాడా?

జవాబు: తల్లి పూర్తిగా ఇంట్లోనే ఉన్న పిల్లలూ ఇలాగే చేస్తారు, కాబట్టి ఆ దిగులు పెట్టుకోకండి. ఆరేళ్ల పిల్లాడు ఆరు గంటలపాటు కూర్చోమన్నప్పుడు కూర్చుని, మాట్లాడొద్దన్నప్పుడు నోరు మూసుకుని, ఏడుపొచ్చినా బిగబట్టుకుని వచ్చాడు. ఆ బిగువంతా తనను ఎవరు వదిలిపెట్టరో ఆ మనిషి దగ్గరే వదులుతాడు. అది మీరు.

ముందు వాడి నీళ్ల సీసా చూడండి. తీసుకెళ్లింది తీసుకెళ్లినట్టే తిరిగొస్తోందా? బడి మరుగుదొడ్డికి వెళ్లడం ఇష్టంలేక నీళ్లు తాగడమే మానేసే పిల్లలు చాలామంది. దాహం, ఆకలి, బిగబట్టుకున్న మూత్రం, ఈ మూడూ కలిస్తే ఆ వయసు పిల్లాడు కోపంగానే ఉంటాడు. అందుకని గుమ్మంలోకి రాగానే వరస ఇది: నీళ్లు, బాత్రూము, తినడానికి ఏదైనా. ఆ మొదటి ఇరవై, ముప్పై నిమిషాలు ప్రశ్నలొద్దు, హోంవర్కు మాటొద్దు, ఫోనులో మీరూ ఉండొద్దు. ఊరికే పక్కన ఉండండి. ఆ తర్వాత అరగంటో ముప్పావుగంటో పరిగెత్తే ఆట. పుస్తకం తీయించేది దాని తర్వాతే.

"ఇవాళ బళ్లో ఏం చేశారు?" అంటే "ఏం లేదు" అనే జవాబొస్తుంది. అంత పెద్ద ప్రశ్నకు చిన్నపిల్లల దగ్గర జవాబుండదు. "ఆటల పీరియడ్‌లో నీ పక్కన ఎవరు నిలబడ్డారు?" అని అడిగి చూడండి. ఎదురుగా కూర్చోబెట్టి కాదు, ఇద్దరూ బట్టలు మడతపెడుతూనో నడుస్తూనో. కళ్లలోకి చూడక్కర్లేనప్పుడు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు.

నిద్ర కూడా సరిచూసుకోండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. పొద్దున 6.30కి లేచే పిల్లాడికి పది గంటల నిద్ర కావాలంటే రాత్రి 8.30కల్లా నిద్రలో ఉండాలి. పక్క ఎక్కడం కాదు, నిద్రపోవడం. అంటే 7.45కే స్నానం, పళ్లు తోమడం, కథ మొదలవ్వాలి. 4 నుంచి 7.45 వరకు మూడూ ముప్పావు గంటలు. తేరుకోవడానికి అరగంట, ఆటకు ముప్పావుగంట, హోంవర్కుకు అరగంట, భోజనానికి ముప్పావుగంట పోగా మిగిలేది గంటా పావు. మీకూ వాడికీ ఉన్న సమయం అది. అందులోకి రోజుకో ట్యూషనూ రోజుకో క్లాసూ దూర్చితే ఇక ఏమీ ఉండదు. వారానికి రెండు క్లాసులు చాలు.

మీ పని వాణ్ని తీసుకురావడానికి బయల్దేరే పావుగంట ముందే ఆపేయండి. రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక చీటీ మీద రాసి పెడితే బుర్ర దాని చుట్టూ తిరగదు. తప్పనిసరిగా సాయంత్రం పని పడితే పిల్లాడి పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని "ఒక్క నిమిషం నాన్నా" అంటూ గంట గడపకండి. గడియారం చూపించి "పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేదాకా అమ్మకు పని" అని చెప్పి, ముల్లు ఆరు మీదికి రాగానే మూసేయండి. రెండు మూడుసార్లు మాట నిలబెట్టుకుంటే వాడే ఆ ముల్లును చూస్తూ ఆగుతాడు.

ప్రశ్న: మా ఆయన ఏ పని చెప్పినా కాదనరు. కానీ ప్రతిదీ నేనే గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఉద్యోగంలో చేరాక ఇది మోయలేకపోతున్నాను. ఆయనకిది అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

జవాబు: బూట్ల ఉదాహరణ చెప్పండి. పిల్లకు బూట్లు బిగుతవుతున్నాయని బొటనవేలు నొక్కి చూసి గుర్తించడం ఒకటి. బడివాళ్లు ఏ రంగు అంటున్నారు, ఏ సైజు, ఎక్కడ దొరుకుతాయి అని చూడటం రెండు. ఇవే కొందామని నిర్ణయించడం మూడు. వారం తర్వాత మడమ ఒరుసుకుంటోందేమో చూడటం నాలుగు. షాపుకెళ్లి కొనుక్కురావడం వీటికి అదనం, అందరికీ కనబడేది అదొక్కటే. సామాజిక శాస్త్రవేత్త ఆలిసన్ డామింజర్ 2019లో ఇంటి ఆలోచన పనిని ఇలాగే నాలుగు దశలుగా విడదీశారు: ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, ఆ తర్వాత గమనించడం. ఆమె మాట్లాడిన జంటల్లో మొదటిదీ చివరిదీ ఎక్కువగా భార్యల మీదే పడ్డాయి. మీ అలసట అంతా అక్కడిదే.

కాబట్టి పనులు కాదు, శాఖలు అప్పగించండి. "బట్టలూ బూట్లూ మీవి", "డాక్టరూ టీకాలూ మీవి", "బడితో ఉత్తర ప్రత్యుత్తరాలు మీవి" అన్నట్టు. మూడోది అప్పగించిన రోజే బడి రికార్డులో మొదటి ఫోన్ నంబరుగా ఆయనది రాయించండి. మీ నంబరు మొదట ఉన్నంతకాలం ఆ శాఖ మీదే. కనీసం ఎలా ఉండాలన్నది మాత్రం ముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఉదాహరణకు బడి నుంచి వచ్చిన సందేశానికి ఆరోజే జవాబు.

ఆ తర్వాత నాలుగు వారాలు గుర్తుచేయకండి. ఇదే కష్టం. ఏదో ఒక రోజు పిల్ల రంగు కాగితాలు లేకుండా బడికి వెళ్తుంది, మీ ప్రాణం గిలగిల్లాడుతుంది. పిల్లకు ప్రమాదం లేనంతవరకు ఆగండి. మీరు గుర్తుచేస్తే ఆ శాఖ మళ్లీ మీ దగ్గరికి వచ్చేస్తుంది, గుర్తుచేయడమే అసలు పని కాబట్టి. ఆయన చేసిన పనిని వెనకనుంచి మళ్లీ చేయడమూ అంతే. వారానికొకసారి ఇరవై నిమిషాలు ఇద్దరూ క్యాలెండరు ముందు కూర్చోండి, మాట్లాడాల్సిందంతా అప్పుడే.

ప్రశ్న: నాకు ఉద్యోగం చేయాలని లేదు. పిల్లలిద్దరూ బడికెళ్తున్నా ఇంట్లోనే ఉండాలని ఉంది. అందరి ముందు ఏదో తప్పు చేస్తున్నట్టుంది.

జవాబు: తప్పు కాదు. జీతం లేని సంరక్షణ పని ప్రపంచం మొత్తం మీద రోజుకు 1,640 కోట్ల గంటలని, అందులో 76.2 శాతం ఆడవాళ్లే చేస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక లెక్కగట్టింది. 200 కోట్ల మంది రోజుకు ఎనిమిది గంటలు జీతం లేకుండా పనిచేసినట్టు. మీరు చేసేది ఆ పనే.

మనసుకు నచ్చి ఉండటం వేరు, దిక్కులేక ఉండటం వేరు. రెండోది రాకుండా చూసుకోవాలి. మీ పేరు మీద ఒక ఖాతా, అందులోకి నెలనెలా కొంత సొమ్ము. ఇల్లు, బీమా, పొదుపు పత్రాలు ఎక్కడున్నాయో, నామినీ ఎవరో మీకు తెలియాలి. మీ వృత్తికి లైసెన్సో రిజిస్ట్రేషనో ఉంటే గడువు దాటనివ్వకండి, తర్వాత తిరిగి తెచ్చుకోవడం చాలా ప్రయాస. భర్త జీవితానికే కాక మీ జీవితానికీ బీమా ఉండాలి. మీకేదైనా అయితే మీరు చేసే పనులకు డబ్బిచ్చి మనుషుల్ని పెట్టుకోవాలి కదా.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తున్నాం. పిల్లాడికి జ్వరమొస్తే ప్రతిసారీ సెలవు నేనే పెట్టాల్సి వస్తోంది. ఒక పద్ధతి చెప్పండి.

జవాబు: బడిలో కొత్తగా చేరిన పిల్లలకు ఏడాదికి ఆరేడు జలుబులు రావడం మామూలే. అంటే ఇది అనుకోకుండా వచ్చేది కాదు, వస్తుందని తెలిసిందే. వంతులు వేసుకోండి. సోమ, బుధవారాలు మీవి, మంగళ, గురువారాలు ఆయనవి, శుక్రవారం ఒక వారం మీది, ఒక వారం ఆయనది. జ్వరం ఏ రోజు వస్తే ఆ రోజువాళ్లు ఇంట్లో ఉంటారు. పొద్దున ఏడింటికి థర్మామీటరు చేతిలో పట్టుకుని ఎవరి మీటింగు గొప్పదని వాదించుకోవాల్సిన పనుండదు. వంతు మార్చుకోవాలంటే ముందు రోజు రాత్రే చెప్పాలి, మార్చుకున్నది తిరిగి చెల్లించాలి. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే బడికి పంపండి. పొద్దున మందు వేసి పంపితే మధ్యాహ్నానికి బడి నుంచి ఫోనొస్తుంది, అప్పుడు ఒక పూట కాదు, రెండు రోజులు పోతాయి.